వెనక్కి తిరిగితే మారే శాతం

2025 సెప్టెంబరు 3న సమావేశమైన జీఎస్టీ మండలి సిమెంటు, ఎయిర్ కండిషనర్ల వంటి వస్తువులపై పన్నును 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించగా, ఆ మార్పు అదే నెల 22న అమలులోకి వచ్చింది. దీనివల్ల ధర పది శాతం తగ్గుతుందనుకోవడం సులభమే గాని, పన్నుకు ముందు 100 రూపాయలున్న వస్తువు ధర 128 నుంచి 118కి దిగుతుంది కనుక, తగ్గిన పదిని కొనుగోలుదారు అప్పటిదాకా చెల్లించిన 128తో భాగించాలి. అప్పుడు తగ్గుదల సుమారు 7.8 శాతమే.

కొత్త విలువలోంచి పాతదాన్ని తీసివేసి, మిగిలినదాన్ని పాత విలువతో భాగించి, వందతో హెచ్చిస్తే పెరుగుదల శాతం వస్తుందన్నది బడిలో నేర్చే పాఠమే. ఇందులో కీలకం భాజకంగా నిలిచే పాత విలువ, అంటే ఆధార విలువ. 80 నుంచి 100కు ఎక్కడం 25 శాతం పెరుగుదల కాగా, 100 నుంచి 80కి దిగడం 20 శాతం తగ్గుదలే.

ఇలా మారిన విలువను తిరిగి మొదటి విలువకు తెచ్చే విలోమ గణనకు అత్యంత సుందరమైన సూత్రం 1150లో భాస్కరాచార్యుడు రచించిన లీలావతిలో ఉంది. ఒక రాశి తనలో కొంత భాగం మేర పెరిగినప్పుడు, దాన్ని పూర్వస్థితికి తేవడానికి ఆ భిన్నపు లవాన్ని, అంటే గీతకు పైనున్న సంఖ్యను, అలాగే ఉంచి, కిందనున్న హారానికి లవాన్ని కలపాలనీ, రాశి తగ్గి ఉంటే హారంలోంచి లవాన్ని తీసివేయాలనీ ఆయన నిర్దేశించాడు. నాలుగో వంతు పెరిగిన రాశిలో ఇప్పుడు అయిదు సమభాగాలుంటాయి, కొత్తగా చేరినది వాటిలో ఒకటే. అందుచేత అయిదో వంతు తీసివేస్తే చాలు. మూడో వంతు తగ్గిన రాశిలో రెండే భాగాలు మిగులుతాయి కనుక, అది సగం మేర పెరిగితే గాని మొదటికి రాదు. మారుతున్న హారం భిన్నంలో కంటికి కనిపిస్తుంది. హారాన్ని ఎప్పుడూ వందగానే చూపే శాతంలో అది మరుగున పడుతుంది. ఇంత స్వచ్ఛమైన తర్కాన్ని పోటీ పరీక్షల గైడ్లు కారణం చెప్పకుండా కిటుకుగా బట్టీ పట్టించడం విచారకరం.

ఇదే సూత్రం పన్ను లెక్కకూ వర్తిస్తుంది. పన్నుతో కలిపి 1,180 రూపాయలైన బిల్లులోంచి 18 శాతం పన్నును విడదీయడానికి 1,180లో 18 శాతం లెక్కగట్టేవారికి 212.40 రూపాయలు వస్తాయి. నిజానికి ఆ పన్ను 180 రూపాయలే, ఎందుకంటే 100 హారంగా ఉన్న 18 భాగాలు బిల్లు మొత్తంలో 118 హారంగా ఉన్న 18 భాగాలవుతాయి.