మూసిన తలుపు ముందు సలాం

"మౌలానా, మా అబ్బాయి డిగ్రీ తప్పిన నాటి నుంచి గది దాటి రావడం లేదు. అన్నం కూడా గుమ్మం దగ్గరే పెడుతున్నాం" అని ఆలూరులో ఒక తండ్రి నాతో వాపోయారు. "గట్టిగా మందలించండి" అన్నాను. అది నా పొరపాటు.

జపాన్‌లో ఈ స్థితిని 'హికికొమొరి' అంటారు. మనోవైద్యులు సైటో తమాకి 1998లో రాసిన గ్రంథంతో ఈ మాట ఆ దేశమంతటా వ్యాపించింది. మరో మానసిక వ్యాధి మూలకారణం కాకుండా, ఆరు నెలలకు పైగా సమాజానికి దూరమై ఇంటికే పరిమితం కావడం దీని లక్షణమని ఆయన వివరించారు. 2022లో జపాన్ ప్రభుత్వం జరిపిన సర్వే ప్రకారం, 15-64 ఏళ్ల వారిలో సుమారు 14.6 లక్షల మంది ఇలా ఉన్నారని అంచనా.

ఇది సోమరితనం కాదంటారు సైటో. బిడ్డ సిగ్గుతో దాక్కుంటాడు. తల్లిదండ్రులు లోకానికి జడిసి అతణ్ణి దాచిపెడతారు. ఆ విధంగా బిడ్డకు ఇల్లు, ఇంటికి ఊరు దూరమవుతాయి. నిందించే కొద్దీ తలుపు మరింత బిగుసుకుంటుంది. కనుక ఉపదేశాలు మాని, తెగిపోయిన మాటను ముందుగా కలుపుకోవాలి. తల్లిదండ్రులు తామే ముందు సలహా పొందాలి.

నేను మళ్లీ ఆ తండ్రి వద్దకు వెళ్లి, నా మాటను వెనక్కు తీసుకున్నాను. "చదువు ప్రస్తావన వద్దు. జవాబు రాకపోయినా రోజూ సలాం చెప్పండి" అన్నాను. ప్రభుత్వ ఉచిత సేవ 'టెలి మానస్' నంబరు 14416 ఇచ్చాను. అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు. బిడ్డ నోట చావు మాట వస్తే మాత్రం క్షణం ఆలస్యం చేయక వైద్యుణ్ణి కలవాలని చెప్పాను.

తలుపు ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. అయితే మొన్న లోపలి నుంచి సలాంకు జవాబు వినిపించిందట.