గోల్ఫ్: ప్రాక్టీస్‌లో పులి.. పోటీలో పిల్లి! ఎందుకిలా?

దబీర్‌పురాలో క్యారమ్ ఆడేవాళ్లను అడగండి.. పందెం అనగానే చివరి కాయిన్ దగ్గర వేలు వణుకుతుంది. గోల్కొండ కోట పక్కన నయా ఖిలాలో గోల్ఫ్ ఆడేవాళ్లదీ ఇదే బాధ. ఫ్రెండ్స్‌తో ఆడితే సూపర్. క్లబ్ పోటీలో స్కోర్ కార్డు చేతికొస్తే మాత్రం మూడడుగుల పుట్ కూడా మిస్!

అసలు కారణం ఇదీ..
అలవాటైన షాట్‌ను శరీరం తనంతట తానే కొట్టేస్తుంది. టెన్షన్ పడితే మెదడు మధ్యలో దూరుతుంది. 'పట్టు సరిగ్గా ఉందా? మోచెయ్యి వంగిందా?' అని లెక్కలు మొదలెడుతుంది. అంతే, లయ తప్పుతుంది. సైకాలజిస్ట్ సియాన్ బైలాక్ గోల్ఫ్ పుటింగ్‌పై చేసిన పరిశోధనలూ ఇదే చెబుతున్నాయి.

స్టార్లకూ తప్పలేదు
2011 మాస్టర్స్ చివరి రోజు 4 షాట్ల ఆధిక్యంతో దిగిన రోరీ మెకిల్‌రాయ్, 80 కొట్టి 15వ స్థానానికి జారిపోయాడు. రెండు నెలలకే యూఎస్ ఓపెన్ గెలిచాడు. మాస్టర్స్ టైటిల్ మాత్రం 2025లో గానీ దక్కలేదు.

హ్యాండీక్యాప్‌తో తిరకాసు
2020లో వచ్చిన వరల్డ్ హ్యాండీక్యాప్ సిస్టమ్‌లో చివరి 20 రౌండ్లలో బెస్ట్ 8 మాత్రమే లెక్క. అంటే అది మీ సగటు ఆట కాదు, మీ మంచి ఆట. ప్రతిసారీ ఆ స్కోరు రాకపోవడం మామూలే. దానికే 'నా ఆట పాడైంది' అనుకుంటే భయం ఇంకా పెరుగుతుంది.

ఏం చేయాలి?
* ప్రతి షాట్‌కు ముందు ఒకే పద్ధతి పాటించండి.
* ఊపిరి నెమ్మదిగా వదలండి.
* ప్రాక్టీస్‌లోనూ చిన్న పందెం పెట్టుకోండి. ఒత్తిడి అలవాటవుతుంది.
* మధ్యలో స్కోరు కూడొద్దు. ముందున్న బంతి ఒక్కటే మీ చేతిలో ఉంది.