గడప దాటు విద్య

జంషెడ్‌పూరులో పుట్టి పెరిగిన తెలుగు బిడ్డకు పసితనమునుండి సమస్తమును చేతికందుచుండును. కదమాలోనో సోనారీలోనో కంపెనీ క్వార్టరు, చేరువలోనే బడి, ఒంట్లో నలతగా నున్నచో టాటా మెయిన్ ఆస్పత్రి, షికారుకు జూబిలీ పార్కు, శ్రీరామనవమికి బిష్టుపురములోని రామమందిరము. వీనిలో దేనికొరకును ముక్కుమొగము ఎరుగనివారిని ఒక్కమాట అడుగవలసిన పని లేదు. సెలవులలో స్వగ్రామమునకు పోవునప్పుడు సైతము టిక్కెట్టు ఒకరు తీయుదురు, పెట్టె ఒకరు మోయుదురు, దిగవలసిన స్టేషను వచ్చినదని మరియొకరు తట్టి లేపుదురు. ఇట్టి లాలనలో ఇరువదియేండ్లు గడపిన యువతీయువకులు, చదువుసంధ్యలలో ఎవరికిని తీసిపోనివారైనను, ఉద్యోగపు పిలుపు వచ్చి ఒంటరిగా రైలెక్కవలసిన నాడు దిక్కుతోచక నిలిచిపోవుట మన ఇండ్లలో చూచుచున్నదే. వారిని పిరికివారని నిందించుట అన్యాయము; నేర్పని విద్య ఎవరికైనను ఎట్లు వచ్చును?

ఐనను ఈ నగరము పెరిగినదే ఇల్లు విడిచి వచ్చినవారి చేతులమీదుగా గదా! 1907లో టాటా ఉక్కు కంపెనీ స్థాపితమై, 1912లో తొలి ఉక్కు వెలువడి, 1919లో సాక్చికి జంషెడ్‌పూరనియు, కాళీమాటి స్టేషనుకు టాటానగరనియు నామకరణము జరిగిన ఆ కాలమునుండి, శ్రీకాకుళము, విశాఖపట్నము, గంజాము సీమల పల్లెటూళ్ళవారు జీవనోపాధికై తరతరములుగా ఇటకు తరలివచ్చిరి. భాష తెలియని చోట, కొలుముల వేడిమిలో నిలదొక్కుకొని, తమవారిని ఒక్కరొక్కరిగా రప్పించుకొని, గుడులు కట్టి, సంఘములు పెట్టి వారు కల్పించిన నీడలోనే నేటి మనుమలు, మనుమరాండ్రు సుఖముగా నున్నారు. తాత చేసిన సాహసము మనుమరాలికి కూడదనుట ఎట్టి న్యాయము?

సాహసమనగా ఒక్క దూకుతో సముద్రము లంఘించుట కాదు. తొలి ప్రయాణమునకు ఘాట్‌శిల చాలును. టాటానగరులో ఖరగ్‌పూరు వైపు పోవు లోకలు బండి ఎక్కినచో ఆసన్‌బనీ, రాఖా మైన్స్, గాలూడీ దాటి గంటకు అటునిటుగా ఘాట్‌శిల చేరవచ్చును. కౌంటరు వద్ద వరుసలో నిలిచి తన టిక్కెట్టు తానే తీసికొనుట, ఏ ప్లాట్‌ఫారమో బోర్డుపై చూచుకొనుట, దిగినపిదప ఆటోవానితో బేరము తెముల్చుకొని సువర్ణరేఖా తీరమునకు పోవుట, ఆకలియైనచోట తినుట, తిరుగుబండి వేళ మరువకుండుట. ఇవి చూచుటకు స్వల్పములు, కాని ప్రతిదానియందును నిర్ణయము తనదే, పొరపాటు వచ్చినచో దిద్దుకొనవలసినదియు తానే. వంగ సాహిత్యమున ‘పథేర్ పాంచాలి’ రచించిన విభూతిభూషణ్ బంద్యోపాధ్యాయుడు నివసించి, 1950లో కన్నుమూసిన ఊరు అదియే. ఆయన గృహము గౌరీకుంజమును కన్నులార చూచి, చీకటి పడకమున్నే ఇల్లు చేరిన బిడ్డ, ఉదయము బయలుదేరిన బిడ్డకంటె ఒక మెట్టు పైననుండును.

మెట్టుమెట్టుగా ఎక్కుటలోని మహిమకు ఈ ఊరిలోనే నిదర్శనము కలదు. 1984లో ఎవరెస్టు నధిరోహించిన ప్రథమ భారతీయ మహిళ బచేంద్రీ పాల్ టాటా స్టీలు సాహస సంస్థకు సారథ్యము వహించి ఎందరినో కొండలకు నడిపించినది. జంషెడ్‌పూరు గృహిణి ప్రేమలతా అగర్వాల్ దల్మా కొండ ఎక్కు పోటీతో మొదలిడి, బచేంద్రీ పాల్ శిక్షణలో ఆరితేరి, 2011లో తన 48వ యేట ఎవరెస్టు శిఖరముపై నిలిచినది. ఊరి చెంతనున్న దల్మాయే లేకున్న ఆ హిమశిఖరము ఆమెకు అందియుండునా?

ఘాట్‌శిల అలవడిన పిదప దూరప్రయాణము. ఉత్తరాంధ్రకు ఖరగ్‌పూరు, భువనేశ్వరముల మీదుగా సముద్రతీరపు మార్గమొకటి. రూర్కెలా, టిట్లాగఢ్, రాయగడల మీదుగా విజయనగరము చేర్చునది మరియొకటి. రిజర్వేషను ముందుగా చేయించుకొనవలెను. తెల్లవారిన తరువాత గమ్యము చేరు బండినే కోరుకొనవలెను. కొంత నగదు సంచిలోను, కొంత ఒంటిమీదను ఉంచుకొనవలెను. గుర్తింపు కార్డు, మందులు, ఫోను ఛార్జరు చేతిసంచిలోనే ఉండవలెను. ఆపద తోచినచో 139కి ఫోను చేయవచ్చును. ఒంటరిగా పోవు స్త్రీలను బయలుదేరు స్టేషనులోనే రైల్వే రక్షక దళపు మహిళా సిబ్బంది పలకరించి, వారి పెట్టె, బెర్తు సంఖ్యలు వ్రాసికొని, దారిలోని స్టేషనులకు తెలియజేయు ‘మేరీ సహేలీ’ యేర్పాటు 2020లో మొదలైనది మన ఆగ్నేయ రైల్వేలోనే.

తల్లిదండ్రులకొక విన్నపము. “ఎక్కడున్నావమ్మా? తిన్నావా?” అని గంటగంటకు ఫోను చేయుట ప్రేమయే, కాని ఆ ప్రేమ బిడ్డ ఆలోచనకు అడ్డుపడరాదు. ఎక్కినప్పుడొకసారి, రాత్రి పడుకొనుటకు ముందొకసారి, దిగినపిదప ఒకసారి మాటలాడుట చాలునని ముందే అనుకొనుడు. బండి ఆలస్యమైనదని చెప్పిన తక్షణమే ఉపాయములన్నియు మీరే చెప్పక, “నీవేమి చేయదలచితివి?” అని యడుగుడు. బిడ్డలును చెప్పిన వేళకు చెప్పినట్లు ఫోను చేయుట తమ స్వాతంత్ర్యమునకు భంగమని తలపరాదు. మాట నిలుపుకొన్నవారికే మరునాడు మరింత దూరము పోవుటకు అనుమతి దొరకును. ఎల్లకాలము తల్లిదండ్రులు వెంట రాలేరు గనుక, వారు చెంత నుండి ధైర్యము చెప్పగలిగిన దినములలోనే బిడ్డ ఒంటరిగా రైలెక్కుట మేలు. ఈ సెలవులలోనే ఒక ఆదివారము చూచి, బిడ్డ చేత ఘాట్‌శిల టిక్కెట్టు తీయింపుడు.