గట్టెక్కించు విద్య

కోనసీమ యనగానే కొబ్బరితోటలు, కాలువలు, పచ్చని వరిచేలు కన్నులకు కట్టును. ఆ పచ్చదనమునకు గోదావరియే కారణము. ఆ సీమవారి భయమునకును గోదావరియే కారణము. గౌతమీ వసిష్ఠల నడుమ ఒదిగి, మధ్య వైనతేయ చీల్చుకొని పోవగా, సముద్రమునకు ఎదురొడ్డి నిలిచిన నేల యిది. ఎగువనుండి వరద వచ్చినను, కడలినుండి ఉప్పెన వచ్చినను మొదట తాకునది ఈ పల్లెలనే.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణముగా తీరము దాటిన తుఫాను ఈ సీమను అతలాకుతలము చేసినది. సుమారు వేయిమంది మరణించిరి. భైరవపాలెము, బలుసుతిప్ప వంటి మత్స్యకారుల పల్లెలలో వేటకు పోయినవారు పెక్కురు తిరిగి రాలేదు. కొబ్బరిచెట్లు అడ్డముగా కూలి దారులన్నియు మూసికొనిపోయినవి. అట్టి రాత్రి అమలాపురమునుండి గాని, రాజోలునుండి గాని, కొత్తపేటనుండి గాని సహాయము ఎంతసేపటికి చేరగలదు? దారి తెరపి కావలెను, పడవ దొరకవలెను, తెల్లవారవలెను. అంతవరకు కూలిన కప్పు క్రింద మూలుగుచున్నవానికి ప్రక్కయింటివాడే దిక్కు.

లోకమంతట ఇదే అనుభవము. 1995 జనవరిలో జపానులోని కోబే నగరమున భూకంపము వచ్చినపుడు, శిథిలములనుండి ప్రాణములతో బయటపడినవారిలో అత్యధికులను వెలికితీసినది బంధువులు, ఇరుగుపొరుగువారు. మనదేశమున 2016లో ఆరంభమైన ‘ఆపద మిత్ర’ పథకము సామాన్య జనులలోని స్వచ్ఛంద సేవకులకు తర్ఫీదు నిచ్చుటకు ఏర్పడినదియు ఇందుకొరకే.

అయితే ఆపదలో ధైర్యమునకు మన పల్లెలలో కొరత లేదు, కొరత పద్ధతికే. మునుగువానికి గడ్డిపోచయే ఆధారమందురు. అట్టివాడు తన్ను రక్షింపవచ్చినవాని మెడనే పట్టుకొనును. అపుడు పోవునవి రెండు ప్రాణములు. కనుక రక్షకుడు రెండవ బాధితుడు కారాదనునది ఈ విద్యకు ఓనమాలు. మొదట గట్టుననే నిలిచి కేకవేసి ధైర్యము చెప్పవలెను. పిదప గెడయో, వెదురుబొంగో, కొబ్బరిమట్టయో అందింపవలెను. అందనిచో త్రాడు విసరవలెను. మూత బిగించిన ఖాళీ డబ్బాయైనను తేలుటకు ఆసరా యగును. అదియు చాలనిచో పడవ. ఈదుకొని పోవుట అన్నిటికంటె కడపటిది, అదియు నేర్చినవానికే. నడుమునకు త్రాడు ముడివేసికొని ప్రవాహమున దిగుట క్షేమమని పలువురు తలతురు. త్రాడు బిగిసినపుడు ఆ ప్రవాహమే మనిషిని నీటి క్రిందికి త్రొక్కివేయును.

వెదకుటయు ఒక విద్యయే. అది లెక్కతో మొదలగును. ఏ యింట ఎందరు, నడవలేని వృద్ధులెవరు, నిండు గర్భిణులెవరు, పొరుగూరికి పోయినవారెవరు? ఈ పట్టీ ముందుగా లేనిచో ఎవరును లేని యింటిని తవ్వుచు, మనుషులున్న యింటిని విడిచిపోవుదురు. కూలిన యింటి చుట్టును నలుగురు నిలిచి, ఒకరు పిలిచిన పిమ్మట అందరును మౌనము వహించి చెవియొగ్గవలెను. శిథిలములపైకి ఎక్కినచో ఆ బరువు క్రిందనున్నవానిపై పడును. తెగిపడిన కరెంటుతీగలకు దూరముగా నుండవలెను. వెదకిన యింటి గోడపై సుద్దతో గుర్తు పెట్టినచో వెనుకవచ్చువారికి కాలము కలిసివచ్చును. గాలి హఠాత్తుగా ఆగినదని బయలుదేరరాదు. అది తుఫాను కన్ను కావచ్చును. కొంతసేపటికి ఎదురుదిక్కునుండి గాలి మరల విజృంభించును.

నీటినుండి తీసిన మనిషిని తలక్రిందులు చేసి త్రిప్పుట, పొట్ట నొక్కుట నేటికిని కొన్నిచోట్ల కలదు. అది కాలహరణము, హాని కూడ. శ్వాస ఆడనిచో వెల్లకిల పరుండబెట్టి, తల వెనుకకు వంచి, ముక్కు మూసి, నోటిలో ఊపిరి ఊదవలెను. చలనము లేనిచో రొమ్ము నడుమ 30 సార్లు గట్టిగా నొక్కి, 2 సార్లు ఊదుచు, వైద్యసహాయము అందువరకు సాగింపవలెను.

తుఫానుకంటె వరద కొంత వ్యవధి నిచ్చును. ధవళేశ్వరము వద్ద 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది. 2022 జూలైలో ప్రవాహము 25 లక్షలు దాటి లంకగ్రామములు నీట మునిగినవి. మొదటి హెచ్చరికనాడే లంకలనుండి వృద్ధులను, పసివారిని గట్టు దాటించినచో, మూడవ హెచ్చరికనాడు త్రాళ్లతో, పడవలతో వెదకవలసిన పని చాలవరకు తప్పును.

తుఫాను వచ్చిననాడు ఊరివారు తలదాచుకొనునది తరచుగా బడిలోనే. ఏ పిల్లవాని యిల్లు ఎక్కడనో, ఆ యింట ఎందరో ఉపాధ్యాయునికి తెలిసినంతగా మరియొకరికి తెలియదు. ప్రతి విద్యార్థియు తన వీధి పట్టీ వ్రాసి తెచ్చిన, ఊరి పట్టీ ఒక్క దినమున సిద్ధమగును. గురి తప్పక త్రాడు విసరుట ఆటస్థలమున రెండు సాయంకాలములలో అలవడును. ఈ రెండు పనులును తుఫానుల కాలము రాకముందే, ఎండ కాయుచున్న దినములలోనే జరుగవలెను.