నగరగర్భమున రోమక దుర్గము

శిథిలములనగానే నిర్జనమైన అడవియో, దున్నని బీడుభూమియో మన మనస్సునకు తోచును. అట్టి చోట్ల త్రవ్వువారికి అడ్డు చెప్పువారుండరు. కాని ఒక ప్రాచీన దుర్గము మీద నేటికిని జనులు కాపురముండి, అంగళ్ళు నడుపుచు, ప్రార్థనలు సల్పుచుండిన యెడల ఆ దుర్గమును తెలిసికొనుట యెట్లు? ఇంగ్లండు ఉత్తరభాగమునందలి యార్క్ నగరమును దృష్టాంతముగా గైకొని ఈ ప్రశ్నను విచారింపనెంచితిమి. త్రవ్వకమునకు ముందే వీథులును, పేర్లును దుర్గస్వరూపమును కొంతవఱకు తెల్పగలవనియు, త్రవ్వకము ఆ సాక్ష్యమును సరిచూచి పూరించుననియు మా యభిప్రాయము.

క్రీ. శ. 71 ప్రాంతమున పెటిలియస్ కెరియాలిస్ బ్రిటనునకు పాలకుడై యుండగా, తొమ్మిదవ లీజియను అను రోమక సేన ఊజ్, ఫాస్ నదుల సంగమమునకు సమీపమున ఒక దుర్గమును నిర్మించెను. దాని పేరు ఎబొరాకమ్; విస్తీర్ణము సుమారు 50 ఎకరములు. లీజియనన రమారమి 5,000 మంది సైనికులు గల దళము. మొదట మట్టికట్టయు, కొయ్యకట్టడములును ఉండెను. పిమ్మట వాని స్థానమున రాతికట్టడములు లేచినవి. 211లో సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి ఇచటనే మరణించెను. 306లో కాన్‌స్టాంటియస్ చక్రవర్తియు ఇచటనే గతింపగా, ఆతని కుమారుడగు కాన్‌స్టంటైనును సైనికులు చక్రవర్తిగా ప్రకటించిరి.

రోమక సైనికదుర్గములు సాధారణముగా ఒకే పటము ననుసరించును. మూలలు గుండ్రముగా తీర్చిన దీర్ఘచతురస్రము, నాలుగు వైపుల ద్వారములు, నడుమ సేనాకార్యాలయము. కార్యాలయము ముందు అడ్డముగా పోవు వీథి రెండు ప్రక్కద్వారములను కలుపును. అచటినుండి మఱియొక వీథి ముందరి ద్వారమునకు పోవును. ఈ పటమును మనస్సున నుంచుకొని యార్క్ పటమును చూచినచో, నేటి పీటర్‌గేట్ అను వీథి ఆ యడ్డువీథి జాడలోను, స్టోన్‌గేట్ ముందరి వీథి జాడలోను సాగుట కాన్పించును. రాజ్యములు మాఱినను, ఇండ్లు కూలి మరల లేచినను, ఈ దారులు మాఱలేదు. ద్వారములు నిలిచియున్నంత కాలము జనులు వానిగుండనే నడువవలసి యుండెను. దారికి ఇరుగడల ఇండ్లు వెలసిన పిమ్మట అది కదలుటకు వీలులేకపోయెను.

ఇక పేర్లు. గేట్ అను మాట తెలుగున ద్వారమను అర్థమున వ్యవహారములో నున్నది. యార్క్ వీథుల పేర్లలోని గేట్ అది కాదు. అది స్కాండినేవియా భాషనుండి వచ్చిన, వీథి యని యర్థమిచ్చు పదము. 866లో ఈ నగరమును గెలిచిన డేనులు విడిచిన జాడ యిది. నగరద్వారమునకు అచట బార్ అని పేరు. బూథమ్ బార్ అను మధ్యయుగ ద్వారము రోమక దుర్గపు ప్రక్కద్వారమున్న చోటనే నిలిచియున్నది.

నగరనామమును ఇట్టిదే. ఎబొరాకమ్ అను పేరును ప్రాచీన బ్రిటనుల భాషలో యూ అను వృక్షమును తెల్పు పదముతో పండితులు ముడిపెట్టుదురు. తరువాత వచ్చిన ఆంగ్లో-సాక్సనులు దానిని తమ భాషలో అడవిపందిని తెల్పు పదముగా భావించి ఎయోఫొర్‌విక్ అనిరి. డేనుల నోట అది యోర్విక్ అయ్యెను. తుదకు యార్క్ అయ్యెను. తెలియని మాటకు తెలిసిన యర్థమును కల్పించుకొనుట ఏ భాషవారికైనను సహజమే. కావున పేరునకు నేడు తోచు అర్థమే ఆదిమార్థమని నమ్మరాదు. ఊరిపేర్లను పరిశోధించు మనకును ఈ హెచ్చరిక అవసరము.

అయినను వీథులు కాలమును చెప్పజాలవు. అందులకు శాసనములు కావలెను. 1854లో కింగ్స్ స్క్వేర్ వద్ద, అనగా రెండవ ప్రక్కద్వారమున్న తావున, ఒక శిలాశాసనము బయల్పడెను. ట్రాజన్ చక్రవర్తి కాలమున తొమ్మిదవ లీజియను ఈ ద్వారమును కట్టెనని అది తెల్పుచున్నది. దాని కాలము 107-108. బ్రిటనులో ఆ సేన యునికిని కాలనిర్దేశముతో తెల్పు సాక్ష్యములలో ఇదియే కడపటిది.

దుర్గమధ్యమునందలి సేనాకార్యాలయము మాత్రము మిన్‌స్టర్ అను మహాదేవాలయము క్రింద నుండిపోయెను. దేవాలయము తూర్పుపడమరలుగా నున్నది. దుర్గము మూలదిక్కులకు తిరిగియున్నది. ఇట్లు రెండింటి దిశలును కలియవు. 1967లో దేవాలయ మధ్యగోపురపు పునాదులు ప్రమాదస్థితిలో నున్నట్లు వాస్తుశిల్పి బెర్నార్డ్ ఫీల్డెన్ పరీక్షలో తేలెను. గోపురమును నిలుపుటకై నేలను త్రవ్వక తప్పలేదు. పునాదులను బలపఱచు పని యొకవైపు జరుగుచుండగనే పురాతత్త్వజ్ఞులు సేనాకార్యాలయపు సభామంటపమును, రంగులద్దిన గోడపూతను వెలికిదీసిరి. ఆ గోడలు దేవాలయపు దిశను గాక, స్టోన్‌గేట్, పీటర్‌గేట్ వీథుల దిశనే అనుసరించినవి. వీథులు చెప్పిన సాక్ష్యము ఇట్లు స్థిరపడెను. అచట దొరకిన రాతిస్తంభ మొకటి 1971లో దేవాలయమున కెదురుగా నిలుపబడెను. మఱుసటి యేట చర్చ్ స్ట్రీట్ క్రింద రోమకుల మురుగుకాలువ బయల్పడెను. అందలి విత్తనములును, కీటకావశేషములును ఆనాటి నిత్యజీవితమును గూర్చి తెల్పినవి.

ఇందు గమనింపదగిన సంగతి యొకటి కలదు. నగరము దుర్గమును కప్పి కాపాడినది. కాని ప్రతి క్రొత్త పునాదియు దానిలో కొంత భాగమును తినివేయును. త్రవ్వి తీసిన మట్టిపొరను మరల యథాస్థానమున పేర్చుట ఎవ్వరి తరమును కాదు. ఈ యెఱుకతోనే 1972లో యార్క్ పురాతత్త్వ సంస్థ వెలసెను. 1979 నాటి బ్రిటిషు చట్టము ననుసరించి యార్క్ నగరమధ్యము పురాతత్త్వ ప్రాముఖ్యము గల ప్రదేశముగా ప్రకటింపబడినది. అచట నేలను కదల్చువారు ఆఱువారములు ముందుగా తెలియజేయవలెనని నియమము. జీవించుచున్న నగరమును ఖాళీచేయించి త్రవ్వుట సాధ్యము కాదు, న్యాయమును కాదు. నేల తెఱచుకొనిన స్వల్పకాలమున దానిని చదివి వ్రాసికొనుటయే మన చేతిలోని పని.