జీతం చీటీలోని ఇంగ్లీషు మాటలు



మందుల చీటీలో ఓ.డి. అంటే రోజుకొకసారి, బి.డి. అంటే రెండుసార్లు అని మా సిస్టర్లను నిద్రలో లేపి అడిగినా చెబుతారు. కాని నెల నెలా వచ్చే జీతం చీటీని మాత్రం చివరి అంకె చూసి మడిచి పెట్టేస్తారు. ఇక ఆయమ్మలైతే "అంతా కటింగులకే పోయిందమ్మా" అంటారు. నిజానికి ఆ కటింగుల్లో ఎక్కువ భాగం పోయిన డబ్బు కాదు, కష్టకాలానికి దాచిన డబ్బు. అందుకే ఆ మాటలను ఇక్కడ విడమరచి చెబుతున్నాము.

గ్రాస్, నెట్: బేసిక్ అంటే మూల వేతనం. డి.ఏ. కరువు భత్యం. హెచ్.ఆర్.ఏ. ఇంటి అద్దె భత్యం. ఇలాంటివన్నీ కలిపితే గ్రాస్. అందులో డిడక్షన్లు, అనగా కోతలు, పోగా చేతికి వచ్చేది నెట్. ఎల్.ఓ.పి. అంటే జీతం లేని సెలవు.

సి.టి.సి.: కొత్త ఉద్యోగానికి వెళ్ళే పిల్లలు ఈ మాట దగ్గరే పొరబడుతున్నారు. ఇది మీ కోసం యజమానికి అయ్యే మొత్తం ఖర్చు. ఆయన కట్టే పి.ఎఫ్. వాటా కూడా అందులోనే ఉంటుంది. కనుక "నెట్ ఎంత?" అని అడిగి తెలుసుకోండి.

పి.ఎఫ్.: బేసిక్, డి.ఏ. కలిపి 12,000 రూపాయలైతే నూటికి 12 చొప్పున 1,440 రూపాయలు మీ వాటా. యజమాని కూడా అంతే కడతారు. ఆయన కట్టే నూటికి 12లో 8.33 పింఛనుకు వెళ్తుంది. నెలసరి పింఛను రావాలంటే కనీసం 10 ఏళ్ళ సర్వీసు ఉండాలి. ఉద్యోగం మారినప్పుడల్లా డబ్బు తీసేసుకుంటే ఆ లెక్క తెగిపోతుంది. బదిలీ చేయించుకోండి.

ఇ.ఎస్.ఐ.: 2019 జూలై నుండి ఉద్యోగి వాటా నూటికి 0.75, యజమాని వాటా 3.25. దీనివల్ల మీకే కాదు, మీపై ఆధారపడిన కుటుంబానికీ వైద్యం దొరుకుతుంది. కార్డు బీరువాలో ఉంచి, వడ్డీకి అప్పు తెచ్చి ఆపరేషను చేయించుకున్నవారిని మేము చూశాము.

మెటర్నిటీ బెనిఫిట్: ఇది కాన్పు సమయంలో జీతంతో కూడిన సెలవు. 2017 నుండి మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు.

గ్రాట్యుటీ: పర్మినెంటు ఉద్యోగి ఐదేళ్ళు పనిచేసి మానుకుంటే, సర్వీసులో ప్రతి ఏటికీ 15 రోజుల వేతనం చొప్పున ఇస్తారు. ఉద్యోగి మరణిస్తే ఐదేళ్ళ నియమం లేదు, కుటుంబానికి ఇస్తారు.

నామినీ: అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇది. మీ తరువాత ఆ డబ్బు అందుకోవలసిన వ్యక్తి నామినీ. పెళ్ళికి ముందు పి.ఎఫ్.కు రాసిన నామినేషను పెళ్ళయ్యాక చెల్లదు, మళ్ళీ రాయాలి. ఇది తెలియకపోతే దుఃఖంలో ఉన్న భర్త, పిల్లలు కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగాలి.

ఈ నెల చీటీ రాగానే ఒక్కొక్క మాటా చదవండి. తెలియనిది అకౌంట్సు విభాగంలో అడగండి, అందులో సిగ్గుపడవలసినది లేదు. చదువురాని ఆయమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఆమె చీటీ కూడా చదివి చెప్పండి. రోగికి చేసే సేవ వంటిదే అదీను. మీ కష్టార్జితాన్ని దేవుడు దీవించును గాక.