కాటా పక్కన సెల్‌ఫోను

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కుప్పల మధ్య తిరిగే గుమస్తా చేతిలో ఇప్పుడు రెండు వస్తువులు ఉంటాయి: చిట్టా, సెల్‌ఫోను. చిట్టా కొన్న డబ్బును దుకాణం ఖర్చులో రాయడానికి ఏ యజమానీ వెనకాడడు. ఫోను దగ్గరికి వచ్చేసరికి లెక్క తప్పుతుంది. కొందరు అది సొంత వస్తువు కదా అని అసలు రాయరు. కొందరు బిల్లు మొత్తం ఆ ఏడాది ఖర్చులోనే కొట్టేస్తారు. చాలామంది విషయంలో రెండూ పొరపాట్లే. ఫోను వ్యాపార పనిముట్టు అన్నదాంట్లో సందేహం లేదు. దాని వల్ల పన్ను ఎంత తగ్గుతుందన్నది మాత్రం ఫోను ఖరీదును బట్టి కాదు, ఆ వ్యాపారి ఏ పద్ధతిలో లెక్క చూపిస్తున్నాడన్నదాన్ని బట్టి తేలుతుంది. ఆలూరులో కిరాణా కొట్టుకూ, ఆదోనిలో కమీషన్ ఏజెంటుకూ, ఊరి బయట జిన్నింగ్ మిల్లుకూ ఒకే ఫోను మూడు రకాల లెక్క అవుతుంది.

ముందు పనిముట్టు మాట తేల్చుకోవాలి. లాటు ఫోటో తీసి మిల్లుకు పంపడం, గుంటూరు ధర ఎంతుందో కనుక్కోవడం, కాటా అయ్యాక తూకం రాసుకోవడం, రైతు ఖాతాలోకి డబ్బు వేయడం, లారీ ఎక్కడిదాకా వచ్చిందో ఆరా తీయడం, అన్నీ ఆ ఒక్క వస్తువు మీదే. 2025-26 సీజన్‌లో భారత పత్తి సంస్థ (సీసీఐ)కి పత్తి అమ్మాలనుకున్న రైతు కూడా ‘కపాస్ కిసాన్’ యాప్‌లో పేరు నమోదు చేసుకోవాల్సి వచ్చింది. అయితే రైతుకు వ్యవసాయ ఆదాయం మీద ఆదాయపు పన్నే లేదు కాబట్టి ఫోను ఖర్చు చూపించి తగ్గించుకునేదీ లేదు. ఆ పత్తినే కొని అమ్మేవాళ్లకు, ఆడించేవాళ్లకు, అమ్మించి కమీషన్ తీసుకునేవాళ్లకు మాత్రం ఈ లెక్క వర్తిస్తుంది. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 37వ సెక్షన్ సూత్రం ఇది: ఖర్చు పూర్తిగా వ్యాపారం కోసమే పెట్టినదై ఉండాలి, సొంతానిది కాకూడదు, ఆస్తి కొనుగోలు కాకూడదు. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆ చట్టం స్థానంలో వర్తించే 2025 చట్టంలో సెక్షన్ల అంకెలు మారాయి కానీ ఈ సూత్రం మారలేదు.

ఆ సూత్రంలోని చివరి మాటే ఫోనును రెండుగా చీలుస్తుంది. నెలనెలా వేసే రీచార్జి, కట్టే బిల్లు ఏ ఏడాదికి ఆ ఏడాది ఖర్చు. ఫోను మాత్రం నాలుగేళ్లు వాడే వస్తువు కాబట్టి ఆస్తి. దాని ధరను ఒకేసారి ఖర్చులో రాయకూడదు, తరుగుదల కింద ఏటా కొంత రాయాలి. యంత్రాలకు వర్తించే సాధారణ రేటు 15 శాతమే ఫోనుకూ వర్తిస్తుంది. అదీ కొన్న ఏడాదిలో కనీసం 180 రోజులు వాడితేనే. అంతకన్నా తక్కువైతే ఆ ఏడాది సగమే, అంటే ఏడున్నర శాతం. ఈ ప్రాంతానికి ఇందులో చిన్న మెలిక ఉంది. చేతిలో డబ్బు ఆడేది పత్తి దిగుబడి మొదలయ్యాకే కాబట్టి కొత్త ఫోన్లు కొనేదీ దసరా, దీపావళి రోజుల్లోనే. మార్చి 31 నుంచి వెనక్కి లెక్కపెడితే 180 రోజులు అక్టోబరు మొదటివారంలోనే అయిపోతాయి. దీపావళికి కొన్న ఫోనుకు మొదటి ఏడాది సగం తరుగుదలే దక్కుతుంది.

ఇక ముగ్గురి లెక్కా చూద్దాం. ఆలూరులో కిరాణా కొట్టు, ఎమ్మిగనూరులో నాలుగు మగ్గాలు పెట్టుకుని చీరల ఫోటోలు వాట్సాప్‌లో పంపి అమ్ముకునే నేతగాడు ఎక్కువగా 44ఏడీ సెక్షన్ (అంకె 1961 చట్టానిది) కింద పన్ను కడతారు. ఇది అంచనా ఆదాయ పద్ధతి. పుస్తకాలు రాయనక్కర్లేదు. అమ్మకాల్లో నగదుగా వచ్చినదాని మీద 8 శాతం, బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో వచ్చినదాని మీద 6 శాతం లాభంగా చూపిస్తే చాలు, అసలు లాభం అంతకన్నా ఎక్కువైతే ఆ ఎక్కువే చూపాలి. ఈ దారిలో వెళ్లేవాళ్లు ఫోను ఖర్చును విడిగా చూపడానికి వీల్లేదు. మిగతా 92 శాతంలోనో 94 శాతంలోనో అద్దె, జీతాలు, కరెంటు, ఫోను, తరుగుదల అన్నీ కలిసిపోయాయని చట్టం భావిస్తుంది. 6 శాతం చూపించి, అందులోంచి మళ్లీ ఫోను ధర తీసేస్తే ఒక్క ఖర్చునే రెండుసార్లు తీసేసినట్టు.

అలాగని వీళ్లకు ఫోను వల్ల పన్ను లాభం లేదనుకుంటే పొరపాటు. ఉన్న లాభం ఖర్చు వైపు కాదు, రాబడి వైపు ఉంది. ఏడాదికి 1 కోటి 80 లక్షల అమ్మకాలున్న దుకాణాన్ని తీసుకుందాం. మొత్తం నగదే అయితే 8 శాతం చొప్పున చూపాల్సిన లాభం 14 లక్షల 40 వేలు. మొత్తం డబ్బు ఫోనుకు జోడించిన క్యూఆర్ కోడ్ ద్వారానో బ్యాంకు ద్వారానో వస్తే 6 శాతం చొప్పున 10 లక్షల 80 వేలు. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో వ్యక్తులకు 12 లక్షల దాకా రిబేటు ఉంది కాబట్టి వేరే ఆదాయం లేకపోతే రెండో వ్యాపారికి పన్ను సున్నా. మొదటి వ్యాపారికి సెస్సుతో కలిపి 99,840 రూపాయలు. నిజానికి ఏ కొట్టుకూ మొత్తం నగదు రాదు, మొత్తం ఫోనులోనూ పడదు, తేడా ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది. అయినా ఇరవై వేల ఫోను బిల్లును ఖర్చులో ఎలా ఇరికించాలా అని తల బద్దలు కొట్టుకునే వ్యాపారి చూడాల్సిన అంకె ఇదే.

కమీషన్ ఏజెంటుకు ఆ దారి లేదు. కమీషన్, దళారీ ఆదాయం ఉన్నవాళ్లను 44ఏడీ నుంచి చట్టమే మినహాయించింది. ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాడికి ఉన్న వెసులుబాటు, ఆదోని యార్డులో కుర్చీ వేసుకుని కూర్చున్న ఏజెంటుకు లేదు. ఆయన పుస్తకాలు రాయాలి, ఖర్చులు చూపాలి. అందుకే ఫోను ఖర్చు నిజంగా అక్కరకొచ్చేది ఆయనకే. ఇరవై వేల ఫోనుకు 18 శాతం జీఎస్టీ కలిపితే 23,600. ఆ 3,600 వెనక్కి వస్తుందా? వ్యవసాయ ఉత్పత్తులు అమ్మించే కమీషన్ ఏజెంటు సేవకు జీఎస్టీ మినహాయింపు ఉంది. పన్ను వసూలు చేయని సేవ కోసం కొన్న వస్తువు మీద కట్టిన పన్ను తిరిగి రాదు. సొంతంగా సరుకు కొని అమ్మే వ్యాపారం కూడా ఉంటే ఆ మేరకు లెక్క వేరు. కేవలం కమీషన్ మీద నడిచే దుకాణానికి మాత్రం మొత్తం 23,600 ఫోను ధరే, తరుగుదల దాని మీదే. ఊరి బయట జిన్నింగ్ మిల్లుది దీనికి తిరగేసిన లెక్క. మిల్లు అమ్మే దూదికి జీఎస్టీ ఉంది కాబట్టి మిల్లు జీఎస్టీ నంబరుతో బిల్లు తీసుకుంటే ఆ 3,600 ఇన్‌పుట్ క్రెడిట్‌గా వస్తుంది, తరుగుదల ఇరవై వేల మీదే. పన్ను భాగానికి క్రెడిట్ తీసుకుని, దాని మీద మళ్లీ తరుగుదల కూడా రాసుకోవడం కుదరదు.

ఇక్కడ అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. అదే ఫోనులో సాయంత్రం ఇంట్లోవాళ్లు సీరియల్ చూస్తారు, పిల్లవాడు ఆటలాడతాడు. మరి అది వ్యాపార ఖర్చెలా అవుతుంది? చట్టం దీనికి అవును, కాదు అని ఒక్క మాటలో జవాబు చెప్పలేదు. 1961 చట్టంలోని 38వ సెక్షన్ ప్రకారం వ్యాపారానికీ సొంతానికీ కలిపి వాడే ఆస్తి మీద న్యాయమైన వాటా మేరకే తరుగుదల ఇస్తారు. ముప్పావు వంతు వ్యాపారానికి వాడితే 23,600 మీద 15 శాతం అయిన 3,540లో 2,655 రూపాయలు. ఏడాది రీచార్జి 3,600 అనుకుంటే అందులో 2,700. మొత్తం 5,355. 20 శాతం శ్లాబులో ఉన్న వ్యాపారికి దీనివల్ల తగ్గే పన్ను సెస్సుతో కలిపి పదకొండు వందల పైచిలుకు. ఇంతేనా అనిపిస్తుంది, ఇంతే. దుకాణం నంబరు వేరే సిమ్ము మీద, గుమస్తా ఫోను వేరే చేతిలో ఉంటే వాటా గురించి వాదనే రాదు, మొత్తం రాసుకోవచ్చు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే సంగతి ఇంకా తేలిక. కంపెనీ మనిషి కాదు కాబట్టి దానికి సొంత వాడకం అంటూ ఉండదని, డైరెక్టర్లు వాడిన కార్ల విషయంలో గుజరాత్ హైకోర్టు సాయాజీ ఐరన్ కేసులో చెప్పింది. ఉద్యోగి ఫోను బిల్లును యజమాని కట్టినా అది ఉద్యోగి ఆదాయంలో కలవదని నిబంధనల్లోనే ఉంది. అయితే కంపెనీలో పనే చేయని కొడుకు చేతికి కంపెనీ పేరుతో ఫోను కొనిస్తే అది వ్యాపారం కోసం పెట్టిన ఖర్చని నమ్మించడం ఏ ఆడిటరు వల్లా కాదు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. పదకొండు వందల కోసం ఇంత తతంగమా, బిల్లు మొత్తం ఖర్చులో రాసేస్తే ఎవరు చూడొచ్చారు అంటారు. ఈ మాట వెనక ఉన్న కోపంలో న్యాయం ఉంది. 15 శాతం చొప్పున తగ్గిస్తూ పోతే 23,600 మొదటి ఏడాది చివర 20,060, రెండో ఏడాది 17,051, మూడో ఏడాది 14,493 అవుతుంది. మూడేళ్లు వాడిన ఫోనును పుస్తకంలో ఉన్న ఆ పద్నాలుగున్నర వేలకు ఆదోనిలో ఏ దుకాణం కొంటుంది? ఆ మిగిలిన విలువ పోదు, ఆస్తుల బ్లాకులో ఉండి ఏటా కొంచెం కొంచెంగా తరుగుతూనే ఉంటుంది. కానీ ఫోను చెత్తబుట్టలో పడ్డ పదేళ్లకు కూడా దాని నీడ పుస్తకంలో ఉండటం వింతే. ఇదే వ్యాపారి ల్యాప్‌టాప్ కొంటే 40 శాతం తరుగుదల. ఈ తేడాకు మూలం కోర్టుల్లో ఉంది. కంప్యూటరుకు 60 శాతం రేటున్న రోజుల్లో, తమ ఫోన్లనూ కంప్యూటర్లుగా చూడాలని ఫెడరల్ బ్యాంకు అడిగితే, అవి మాట్లాడుకునే పరికరాలే తప్ప కంప్యూటర్లు కావని కేరళ హైకోర్టు తేల్చింది. ఆ కేసు నాటి ఫోనుకు ఆ మాట సరిపోయి ఉండొచ్చు. చిట్టా, కాటా తూకం, గల్లా పెట్టె, బ్యాంకు అన్నీ ఒక్కచోట చేరిన ఇవాళ్టి ఫోనుకు సరిపోదు.

రేటు పెంచితే ఇంటి ఫోన్లన్నీ దుకాణం పుస్తకాల్లోకి వస్తాయనే భయం ఉందంటే, అది ల్యాప్‌టాప్‌కూ ఉండాలి. అదీ సాయంత్రం ఇంటికి పోయేదే. దుర్వినియోగాన్ని ఆపడానికి న్యాయమైన వాటా అన్న నిబంధన ఉండనే ఉంది, తక్కువ రేటుతో నిజాయితీగా రాసేవాణ్ని శిక్షించనక్కర్లేదు. కాబట్టి ఈ రేటు మారాలి. కానీ అది మారేదాకా బిల్లు మొత్తం ఒకేసారి రాసేయడం జవాబు కాదు. ఆస్తిని ఖర్చుగా రాసిన చిన్న తప్పు ఒకచోట దొరికితే, అధికారి మిగతా పుస్తకాన్నీ అనుమానంగానే తిరగేస్తాడు. కమీషన్ ఏజెంటు పుస్తకంలో ఫోను కన్నా పెద్ద అంకెలు చాలా ఉంటాయి. హమాలీ కూలీలు, అడ్వాన్సులు, రైతుకిచ్చిన చేబదుళ్లు ఆ పుస్తకం మీది నమ్మకంతోనే నిలబడతాయి.

అసలైన నష్టం మాత్రం చాలామందికి వేరేచోట జరుగుతోంది. పత్తి డబ్బు చేతిలో ఉండగా బజారుకు వెళ్లి ఇరవై మూడు వేల ఆరు వందలు నోట్లు లెక్కపెట్టి ఫోను తెచ్చుకోవడం ఇక్కడ మామూలే. ఒక్కరికి ఒక్కరోజులో 10 వేలు దాటి నగదుగా ఇచ్చి కొన్న ఆస్తి ధరను చట్టం లెక్కలోకే తీసుకోదు. ఆ ఫోనుకు తరుగుదల పదిహేనూ లేదు, ఏడున్నరా లేదు, సున్నా. బిల్లు ఇంట్లోవాళ్ల పేరున ఉన్నా, మిల్లు జీఎస్టీ నంబరు లేకుండా ఆన్‌లైన్‌లో తెప్పించినా తర్వాత సరిదిద్దుకోవడం కష్టం. కాబట్టి ఈసారి దుకాణానికి ఫోను కొనేవాళ్లు నాలుగు పనులు చేస్తే చాలు. వీలైతే అక్టోబరు మొదలయ్యేలోపే కొనండి. డబ్బు బ్యాంకు ఖాతా నుంచే చెల్లించండి. బిల్లు మీద దుకాణం పేరు, జీఎస్టీ నంబరు ఉంటే అదీ వేయించండి. ఎంత వాటా వ్యాపారానిదో ఆ రోజే బిల్లు వెనక రాసి, చిట్టాలో పెట్టండి.